సొంతంగా కట్టుకునే విమానానికి ఇంజిన్ కౌలింగ్ అమర్చడం

కౌలింగ్ అంటే ఇంజిన్‌ను కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగు; దీనికి పై, కింది భాగాలు రెండు ఉంటాయి. దీని అమరికకు స్పిన్నరే, అంటే ప్రొపెల్లర్ నడుమ ఉండే మొనదేలిన టోపీయే, ఆధారం. ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనుక ఉండే అడ్డుగోడ) వైపు అంచును కోసి సరిచేసుకోవచ్చు గాని, ముందున్న గుండ్రని అంచు స్పిన్నర్‌తో కుదరకపోతే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. అందువల్ల ఇంజిన్, ఎగ్జాస్ట్ గొట్టాలు, స్పిన్నర్ వెనుక పళ్లెం తుది స్థానాల్లో బిగించాకే ఈ పనికి దిగాలి. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పవలసి వస్తుంది కాబట్టి, మ్యాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తు ఇచ్చే పరికరం) స్విచ్ ఆపి ఉందన్న ధీమాతో ఊరుకోక, ప్రతి సిలిండర్ నుంచి ఒక స్పార్క్ ప్లగ్‌ను తీసి ఉంచడం మంచిది.

స్పిన్నర్ పళ్లేనికీ కౌలింగ్ ముఖానికీ నడుమ సాధారణంగా 6 మి.మీ. ఖాళీ ఉంచుతారు, కిట్ ప్లానులో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. ఆ మందం గల ప్లైవుడ్ బిళ్లను నడుమ పెట్టి కౌలింగ్ పై భాగాన్ని దానికి ఆనిస్తే, ఖాళీ చుట్టూ సమానంగా వస్తుంది. ఇంజిన్‌ను మోసే మౌంటు రబ్బర్లు కొత్తవైతే బరువుకు క్రమంగా అణిగి ముక్కు కొద్దిగా దిగుతుంది కనుక, కౌలింగ్‌ను స్పిన్నర్ కంటే 2 లేదా 3 మి.మీ. కిందికి ఉంచాలి. ఈరోజు కంటికి కొంచెం వంకరగా అనిపించినా, కొన్నాళ్లు ఎగిరాక రెండూ ఒకే వరుసలోకి వస్తాయి.

వెనుక అంచును గుర్తించడంలోనే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే కౌలింగ్‌ను పైన పెట్టగానే ఫ్యూజ్‌లాజ్ (విమాన దేహం) రేకు అంచు దాని కింద దాగిపోతుంది. ముందుగానే రేకు అంచు నుంచి సరిగ్గా 50 మి.మీ. వెనుకకు కొలిచి, టేపు అంటించి దానిపై చుట్టూ గీత గీసుకోవాలి. కౌలింగ్ కుదిరాక ఆ గీత నుంచి అంతే దూరం ముందుకు కొలిస్తే కోయవలసిన చోటు తెలుస్తుంది. గీతకు ఒకటి రెండు మి.మీ. బయటనే కోసి, మిగిలినదాన్ని పొడవైన చెక్కకు చుట్టిన గరుకు కాగితంతో అరగదీయాలి. రంగు మందానికి 1 మి.మీ. లోపు సందు వదలడం మరువరాదు. ఫైబర్‌గ్లాస్ పొడి ఊపిరితిత్తులకు హానికరం గనుక మాస్కు తప్పనిసరి.

కింది భాగం ఆ తర్వాత. కౌలింగ్‌ను పట్టి ఉంచే పొడవైన కీలు పట్టీలైన పియానో హింజ్‌లకు రంధ్రాలు పైన నడిమధ్య నుంచి పక్కలకు వేస్తే వదులు ఒకే మూలకు చేరదు.

ఇంజిన్ ఆగేటప్పుడు బాగా ఊగుతుంది కాబట్టి, కౌలింగ్‌కు దగ్గరగా ఉన్న భాగాలపై మెత్తని బంకమట్టి ఉండలు పెట్టి, మూసి తెరిచి, అవి ఎంత అణిగాయో చూడాలి. 12 మి.మీ. కంటే తక్కువ మిగిలిన చోట మార్పు అవసరం. ఎగ్జాస్ట్ దగ్గర వేడి వల్ల ఇంకా ఎక్కువ ఖాళీ, లోపల వేడిని తిప్పికొట్టే రేకు ఉండాలి. చల్లగాలిని సిలిండర్ల మీదుగా మళ్లించే బ్యాఫిల్ రేకుల అంచు రబ్బర్లను ఇవన్నీ తేలాకే కత్తిరించాలి.