కాంట్రాక్టర్ లైసెన్స్ ఫైలు రెండుసార్లు వెనక్కి: చివరికి దొరికిన తప్పు (నా అనుభవం)

ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్‌కు నేను పెట్టిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. రెండుసార్లూ ఒకటే మాట: "పరికరాల వివరాలు సరిపోలేదు". లైసెన్స్ లేనిదే వైరింగ్ టెస్ట్ రిపోర్టు మీద నా సంతకం చెల్లదు, చేతికొచ్చిన అపార్ట్‌మెంట్ పనులు పక్కవాళ్లకు పోతున్నాయి. ఒకటే టెన్షన్. క్యాలిబ్రేషన్ (పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే పరీక్ష) మళ్లీ చేయించాను, ఫీజు రసీదు మళ్లీ జతచేశాను, ఏజెంటునూ అడిగాను, లాభం లేదు.

మూడోసారి 500 వోల్టుల మెగ్గర్‌ని (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే పరికరం) బల్ల మీద బోర్లించి, వెనకున్న సీరియల్ నంబరు ఫోన్ టార్చి వేసుకుని చదివాను. తర్వాత దాని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూశాను, అదే నంబరు. ఆపైన మెగ్గర్ కొన్న బిల్లు. చివరి అంకె మెగ్గర్ మీద 8, బిల్లులో 3! షాపతను చేత్తో రాసిన బిల్లు మరి. అతని దగ్గరికే వెళ్లి కొత్త బిల్లు రాయించి, సంతకం, ముద్ర వేయించుకున్నాను. ఎర్త్ టెస్టర్ నంబరు కూడా చూశాను, అది బాగానే ఉంది. నంబరు కనబడేలా ఫోటో, బిల్లు, సర్టిఫికెట్ ఆ వరుసలోనే స్కాన్ చేసి పెట్టాను. ఈసారి ఫైలు కదిలింది.

బిల్లు మార్చడం వల్లే కదిలిందో, ఫోటో చూసి ఒప్పుకున్నారో చెప్పలేను. పనులు చూసే సూపర్‌వైజర్ పర్మిట్ దగ్గర ఆగిన ఫైలుకైతే ఇది పనికిరాదు.