రాజీనామా చేతికి రాకముందే చూసుకోవలసినవి

రాజీనామా ఇచ్చిన రోజున కారణం అడిగితే ఉద్యోగి జీతమనో, మంచి అవకాశమనో మర్యాదగా చెబుతాడు. ఆ నిర్ణయం మాత్రం ఎన్నో నెలల ముందు, పిల్లవాడి బడికో తల్లి వైద్యానికో వెళ్లలేకపోయిన ఒక రోజున మొదలై ఉండవచ్చు. అసంతృప్తి, మానేయాలన్న ఆలోచన, మరో ఉద్యోగం కోసం వెతుకులాట, నిశ్చయం, ఆ తరువాతే రాజీనామా అని ఉద్యోగుల వలసలను అధ్యయనం చేసిన పరిశోధకుడు విలియం మోబ్లీ 1977లో ఈ క్రమాన్ని వివరించారు. మేనేజర్లు కల్పించుకోవలసింది మొదటి రెండు మెట్ల దగ్గరే.

ముందుగా, ఇంటి గడప దాటినప్పటి నుంచి తిరిగి గడప తొక్కే దాకా పట్టే సమయాన్ని లెక్కించండి. విశాఖపట్నంలోని మధురవాడలో ఉంటూ అచ్యుతాపురంలో పనిచేసే వ్యక్తికి హాజరు పట్టీలో ఎనిమిది గంటలే కనిపిస్తాయి; ఎన్ఏడీ కూడలి, గాజువాకల మీదుగా సాగే ప్రయాణం ఆ లెక్కలోకి రాదు. కంపెనీ బస్సు ఆగే చోట్లను, వేళలను సరిచేస్తే రోజుకు అరగంట మిగిలినా అది ఇంటికి చేరే అరగంటే.

తరువాతిది షిఫ్టుల పట్టిక. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మూడు షిఫ్టుల పనికి అలవాటుపడిన ఈ నగరంలో రాత్రి షిఫ్టు కొత్త కాదు, కానీ రేపటి షిఫ్టు ఏమిటో ఈ సాయంత్రం దాకా తెలియకపోవడం మనిషిని విసిగిస్తుంది. పట్టికను కనీసం రెండు వారాల ముందు ప్రకటించండి, పరస్పరం మార్చుకోవడానికి అనుమతించండి, వారాంతపు సెలవును రద్దు చేస్తే బదులు సెలవు ఏ తేదీనో అప్పుడే రాసి ఇవ్వండి. రుషికొండ ఐటీ కార్యాలయాలలో అమెరికా వేళలకు జరిగే రాత్రి కాల్స్‌ను ఒక్కరి మీదే వేయకుండా వంతులు పెట్టండి.

యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ నిర్దేశించింది. దానిని కాగితాలకే పరిమితం చేయకండి.

మాట్లాడేటప్పుడు "మానేస్తారా?" అని అడగవద్దు. "ఈ నెలలో పని వల్ల ఇంట్లో ఏది తప్పిపోయింది?" అని అడగండి. సమయం చాలడం లేదంటే షిఫ్టు మార్చాలి. అలసట ఇంటిదాకా వెంట వస్తోందంటే సెలవు ఒక్కటే చాలదు, పనిభారమే తగ్గించాలి.

ఇంతలోనే రాజీనామా వస్తే, జీతం పెంచుతామనే ముందు ఆ వ్యక్తి షిఫ్టును నిజంగా మార్చగలరో లేదో చూసుకోండి. మార్చలేకపోతే ఆ సంగతి సూటిగా చెప్పి, నోటీసు గడువు పూర్తయ్యాక గౌరవంగా పంపించండి.