అవే మ్యాచ్ గెలిచిన రోజు: ఇంగ్లండ్‌లో ప్రత్యర్థి మైదానానికి వెళ్లే ఫుట్‌బాల్ అభిమానికి

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్లిన తెలుగువాళ్లు తమ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఆడే హోం మ్యాచ్‌లు ఒకట్రెండు చూశాక, ప్రత్యర్థి మైదానంలో ఆడే ‘అవే’ (away) మ్యాచ్ మీద మనసు పడతారు. పడాల్సిందే. సొంత మైదానంలో యాభై వేల మంది చేసే సందడి ఒక తీరు. ప్రత్యర్థి స్టేడియంలో ఓ మూలన ఇరుక్కుని నిలబడ్డ మూడు వేల మంది అరుపుకి ఉండే పదునే వేరు. జట్టు గెలిస్తే ఇక చెప్పేదేముంది! చిక్కల్లా ఆ గెలుపు గొడవల మధ్య వచ్చినప్పుడే. 2024 జనవరి 28న ఎఫ్‌ఏ కప్‌లో వుల్వ్స్ జట్టు వెస్ట్ బ్రామ్ సొంతగడ్డ హాథార్న్స్‌లో 2-0తో గెలిచింది. రెండో గోల్ పడ్డాక స్టాండ్‌లో కొట్లాట రేగింది. ఆటగాళ్లని లోపలికి పంపించి అరగంటకు పైగా ఆట ఆపారు. అంతకుముందు 2019 డిసెంబరు 7న మాంచెస్టర్ సిటీ మైదానం ఎతిహాద్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 2-1తో నెగ్గిన డెర్బీలో (ఒకే ఊరి లేదా పొరుగూరి జట్ల పోరుని డెర్బీ అంటారు), కార్నర్ దగ్గరికి వెళ్లిన యునైటెడ్ ఆటగాడు ఫ్రెడ్ మీదకి స్టాండ్‌లోంచి వస్తువులు విసిరారు.

ఇలాంటి రోజుకి పనికొచ్చే సూత్రం ఒకటే. సంబరమంతా అవే ఎండ్ లోపలే, అంటే అతిథి జట్టు అభిమానులకి కేటాయించిన భాగంలోనే. గేటు దాటాక మీది ఏ జట్టో ఎవరికీ తెలియకూడదు.

టికెట్టు

ప్రీమియర్ లీగ్‌లో అవే టికెట్టు ధర 30 పౌండ్లు దాటకూడదన్న నియమం 2016-17 సీజన్ నుంచి ఉంది. కాబట్టి సమస్య డబ్బు కాదు, దొరకడం. అతిథి జట్టుకి గరిష్ఠంగా 3,000 సీట్లు ఇస్తారు. మైదానం చిన్నదైతే మొత్తం సీట్లలో పదో వంతు. ఆ టికెట్లు అమ్మేది మీ క్లబ్బే. ముందు సీజన్ టికెట్టు ఉన్నవాళ్లకి, తర్వాత సభ్యులకి, అదీ గతంలో ఎన్ని అవే మ్యాచ్‌లకి వెళ్లారో లెక్కగట్టిన పాయింట్ల వరసలో. సభ్యత్వం తీసుకున్న మొదటి ఏడాదే డెర్బీ టికెట్టు వస్తుందని ఆశ పెట్టుకోకండి.

పాయింట్లు కూడబెట్టుకోవడానికి జనం పెద్దగా వెళ్లని మ్యాచ్‌లు పట్టుకోవాలి. కొత్తవాళ్లు బోర్న్‌మత్ లాంటి చిన్న మైదానమైతే పోటీ తక్కువనుకుంటారు. జరిగేది తలకిందులు. అక్కడ మొత్తం సీట్లే పదకొండు వేల చిల్లర, అతిథులకి వచ్చేవి వెయ్యి పైచిలుకు. వాటికోసం పాతకాపులంతా ఎగబడతారు. మీ ఊరికి దూరంగా ఉన్న పెద్ద స్టేడియం, వారం మధ్యలో రాత్రి మ్యాచ్, ఇవే మీకు దారి. లండన్ క్లబ్ అభిమానికి బుధవారం రాత్రి న్యూకాజిల్ అన్నమాట. లీగ్ కప్ తొలి రౌండ్లూ అంతే. కప్ మ్యాచ్‌లకి పాయింట్లు కలుపుతారో లేదో మాత్రం మీ క్లబ్ నిబంధనల్లో చూసుకోండి.

రెండు అడ్డదారులున్నాయి, రెండూ వద్దు. మొదటిది, తెలియనివాళ్ల దగ్గర కొనడం. క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్టు అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అసలు ధరకే ఇచ్చినా అంతే. కొన్నవాడు గేటు దగ్గర ఐడీ చూపించలేక నిలబడిపోతాడు. రెండోది, హోం ఎండ్‌లో టికెట్టు సంపాదించి బుద్ధిగా కూర్చుంటాననుకోవడం. మీ జట్టు తొంభయ్యో నిమిషంలో గోల్ కొడితే మీ మొహమే పట్టిస్తుంది. స్టీవార్డులు (స్టేడియం భద్రతా సిబ్బంది) బయటికి పంపిస్తే అదృష్టమే. వాళ్లకంటే ముందు పక్క సీటువాడు స్పందించొచ్చు.

ప్రయాణం

డెర్బీ కాకుండా దూరపు ఊరైతే మొదటిసారి క్లబ్ నడిపే కోచ్ బస్సులోనే వెళ్లండి. రైలు కంటే నెమ్మదే. కానీ స్టేడియం దగ్గర దింపుతుంది, మ్యాచ్ అయ్యాక అదే చోట ఉంటుంది, ఎంత ఆలస్యమైనా మిమ్మల్ని వదిలిపోదు. మ్యాచ్‌కి వెళ్లే కోచ్‌లో మద్యం నిషేధం. అది 1985 నాటి చట్టం, డ్రైవర్ చాదస్తం కాదు.

రైలైతే రెండు జాగ్రత్తలు. టీవీ ప్రసారం కోసం మ్యాచ్ రోజూ వేళా మారుస్తుంటారు కనుక, ఆ ప్రకటన రాకముందే చౌకగా వస్తోందని అడ్వాన్స్ టికెట్టు కొనొద్దు. అది ఒకే ఒక్క రైలుకి చెల్లుతుంది, డబ్బు వెనక్కి రాదు. పాతికేళ్లలోపువాళ్లకి, పూర్తికాల విద్యార్థులైతే ఆపైన వయసున్నవాళ్లకి కూడా, 16-25 రైల్‌కార్డ్ మీద మూడో వంతు తగ్గుతుంది. రెండో జాగ్రత్త, ఆఖరి రైలు. రాత్రి 8 గంటల మ్యాచ్ ముగిసేసరికి పదవుతుంది. ఆపైన అతిథి అభిమానుల్ని కాసేపు లోపలే ఆపొచ్చు. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్ నుంచి ఆ ఊరి లైమ్ స్ట్రీట్ స్టేషన్ మూడు కిలోమీటర్లకు పైనే. అక్కడ రాత్రి మ్యాచ్ చూసి లండన్ రైలు అందుకోవడం జరిగేపని కాదు. బసో బస్సో ముందే చూసుకోవాలి.

జెర్సీ వేసుకోండి, పైన రంగు తెలియని కోటు. స్కార్ఫ్ కోటు లోపల. ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగుని చాలా స్టేడియాల్లో రానివ్వరు. నీళ్ల సీసా మూత తీసేస్తారు. బూట్లు గట్టివి వేసుకోండి, కారణం కింద వస్తుంది. మైదానం దగ్గరి పబ్ తలుపు మీద హోం అభిమానులకి మాత్రమే అని రాసి ఉంటే వాదన పెట్టుకోకండి. అతిథుల్ని రానిచ్చే పబ్ ఏదో మీ క్లబ్ అభిమానులకి తెలిసే ఉంటుంది, కోచ్‌లో అడిగితే చెబుతారు.

ఎక్కడ నిలబడాలి

అవే ఎండ్‌లో కూర్చోవడం ఉండదు. టికెట్టు మీది సీటు నంబరు కూడా చాలాచోట్ల పేరుకే. గంట ముందు లోపలికి వెళితే ఎంచుకునే వీలుంటుంది. రెండు అభిమాన వర్గాల మధ్య వలో, ఖాళీ సీట్ల వరసో, స్టీవార్డుల గొలుసో ఉంటుంది చూడండి. వేడంతా ఆ సరిహద్దులోనే. నాణేలు, లైటర్లు ఎగిరొచ్చేదీ, వేళ్లు చూపించుకునేదీ, పోలీసులు కెమెరా గురిపెట్టేదీ అక్కడే. పిల్లలతో వచ్చినవాళ్లూ, మొదటిసారి వచ్చినవాళ్లూ దానికి పది పదిహేను సీట్లు ఎడంగా, మధ్య వరసల్లో నిలబడటం మేలు. బీరు లోపలి నడవాలో అమ్ముతారు కానీ, మైదానం కనిపించే చోటికి తెచ్చుకోకూడదు. ఇదీ 1985 చట్టమే.

న్యూకాజిల్ సెయింట్ జేమ్స్ పార్క్‌లో అతిథుల్ని లీజెస్ స్టాండ్ పై అంతస్తులో పెడతారు. మెట్లు ఎక్కీ ఎక్కీ మోకాళ్లు పట్టేస్తాయి, పైన గాలి కోసేస్తుంది. లోపల థర్మల్, రెండు జతల మేజోళ్లు లేకుండా జనవరిలో అక్కడికి వెళ్లొద్దు. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే లిఫ్ట్ సంగతి క్లబ్‌ని ముందే అడగాలి.

గోల్ పడింది

అవే ఎండ్‌లో గోల్ సంబరమంటే వెనక వరస మనుషులు మీ భుజాల మీదకి వచ్చి పడటం. దెబ్బలు ఎక్కువగా తగిలేది మోకాలి కింద ఎముకకి. ముందు సీటు వీపు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. 2022-23 నుంచి అనుమతి ఉన్న మైదానాల్లో నిలబడే వీలున్న సీట్లు వచ్చాయి. నడుమెత్తున ఇనుప కమ్మీ ఉండటంతో పక్కలకి ఊగుతారే గానీ ముందు వరస మీద బోర్లా పడరు. కమ్మీ లేని పాత సీట్లయితే మీ జట్టు అటాక్ మొదలవగానే ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి, మోకాళ్లు కాస్త వంచి నిలబడండి. గట్టి బూట్లు వేసుకోమన్నది అందుకే. ఫోన్ జిప్ ఉన్న జేబులో పెట్టండి. గోల్ వీడియో తీద్దామని చెయ్యెత్తితే ముందు పోయేది ఫోనే. కళ్లజోడుకి తాడు కట్టుకోవడం చూడ్డానికి బాగోదు గానీ పనిచేస్తుంది. మెట్ల దారిలో కిందికి పరుగెత్తొద్దు. అందరూ ఒక్కసారి ముందు గోడ దగ్గరికి చేరితే కింద ఉన్నవాళ్లకి ఊపిరి ఆడదు. ఎవరైనా పడిపోతే చుట్టూ చేతులు అడ్డంపెట్టి ముందు లేపండి, ఆ తర్వాతే పాట.

ఇక వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి. సంబరాన్ని సగంలో చంపే ఈ ఏర్పాటుని తిట్టుకోని అభిమాని లేడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడా, రిఫరీ చెవి మీద వేలు పెట్టాడా చూడండి. ప్రత్యర్థులు మధ్య వృత్తంలో బంతి తన్ని ఆట మళ్లీ మొదలుపెట్టారంటే ఇక ఆ గోల్‌ని వెనక్కి తీసుకోలేరు. స్కోరు వేళ్ల మీద చూపించాలనుకునే తొందరపాటుగాళ్లు ఆ తన్నుడు దాకా ఆగితే పరువు దక్కుతుంది.

గోల్ కొట్టినవాడు మీవైపే పరుగెత్తుకొస్తాడు. అతన్ని గోడ మీదుగా లోపలికి లాగొద్దు, చొక్కా పీకొద్దు. చొక్కా తీస్తే పసుపు కార్డు తప్పదు. ప్రేక్షకుల దగ్గరికి వచ్చి భద్రతకి ఇబ్బంది కలిగించినా కార్డే. అప్పటికే ఒకటి ఉంటే మీ ముద్దు వల్ల జట్టుకి పదిమందే మిగులుతారు. 2025 ఫిబ్రవరి 12న ఎవర్టన్ అప్పటి మైదానం గుడిసన్ పార్క్‌లో లివర్‌పూల్‌తో జరిగిన చివరి పురుషుల డెర్బీ 2-2తో ముగిశాక, ఎవర్టన్ ఆటగాడు డూకురే లివర్‌పూల్ అభిమానుల ముందుకెళ్లి సంబరపడ్డాడు. తోపులాట జరిగి అతనికీ, లివర్‌పూల్ కర్టిస్ జోన్స్‌కీ రెండో పసుపు కార్డు పడింది. లివర్‌పూల్ శిక్షకుడు స్లాట్‌కి కూడా ఎర్ర కార్డు చూపించారు. ఆట అయిపోయాక కూడా కార్డులు పడతాయి.

మీ కాలు మాత్రం పచ్చిక మీద పడకూడదు. అనుమతి లేకుండా మైదానంలోకి దిగడం 1991 చట్టం కింద నేరం, ఆఖరి నిమిషం గోలైనా సరే. పొగ డబ్బా, ఫ్లేర్ లాంటివి వెలిగించకపోయినా జేబులో ఉంటే చాలు, కేసే. శిక్షతోపాటు వచ్చే ఫుట్‌బాల్ నిషేధం కనీసం మూడేళ్లు, పదేళ్ల దాకా పోవచ్చు. విదేశాల్లో పెద్ద టోర్నీలు జరిగేటప్పుడు పాస్‌పోర్టు పోలీసులకి అప్పగించాలి. ఆ సమయంలో ఇంట్లో పెళ్లి ఉందన్నా ముందుగా మినహాయింపు అడగాల్సిందే. పైగా వీసా దరఖాస్తుల్లో శిక్షలూ, పోలీసు హెచ్చరికలూ రాయమంటారు. స్థానిక కుర్రాడికి వారాంతపు అల్లరితో పోయేది మీకు చదువు మీదకి రావచ్చు.

పాటలు

అర్థం తెలియని పాటకి గొంతు కలపొద్దు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. హుషారైన రాగం, చుట్టూ మూడు వేల గొంతులు, మాటలేమో అలవాటు లేని యాసలో. ఆ మాటలు 1989 హిల్స్‌బరో తొక్కిసలాటలో పోయిన 97 మంది లివర్‌పూల్ అభిమానుల గురించో, 1958లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ప్రయాణించిన విమానం మ్యూనిక్‌లో కూలినప్పుడు పోయిన 23 మంది గురించో వెక్కిరింపుగా అల్లినవి అయి ఉండొచ్చు. విమానంలా చేతులు చాపడం కూడా అదే కోవ. 2023 నుంచి ఇలాంటి వాటిని క్లబ్బులూ పోలీసులూ గట్టిగా పట్టించుకుంటున్నారు. జాతి మీదా, స్వలింగ సంపర్కుల మీదా వెక్కిరింపులదీ అదే దారి. ప్రత్యర్థి శిక్షకుడి ఉద్యోగం, గోల్‌కీపర్ చేతులు, ఖాళీ అవుతున్న హోం సీట్లు: వెటకారానికి సరుకు బోలెడుంది.

మీ మీదే ఎవరైనా జాతి పేరుతో నోరు పారేసుకుంటే ఎదురు తిరగొద్దు. టైము, బ్లాక్, వరస నంబరు గుర్తుపెట్టుకుని స్టీవార్డ్‌కి చెప్పండి. చాలా క్లబ్బులకి దీనికోసం మెసేజ్ నంబరుంటుంది, స్క్రీన్ మీద వేస్తారు. అది కెమెరాతో కలిపి పనిచేస్తుంది కాబట్టి సీటు నంబరు లేని ఫిర్యాదు ముందుకి కదలదు. రైల్లో అయితే రైల్వే పోలీసులకి 61016 మీద మెసేజ్ పెట్టొచ్చు.

ఫైనల్ విజిల్ తర్వాత

మీ ఆటగాళ్లు చప్పట్లు కొడుతూ అవే ఎండ్ ముందుకి వస్తారు. రోజంతటికీ ఫలం ఈ పది నిమిషాలే, గొంతు పోయేదాకా పాడండి. అయితే ఒళ్లు హోం స్టాండ్ వైపు కాక మైదానం వైపు తిరిగి ఉండాలి. వెళ్లిపోతున్నవాళ్లకి స్కోరు వేళ్లతో చూపించడం, ఏడుస్తున్నవాళ్లని ఫోన్‌లో తీయడం, గొడవలకి నాంది సాధారణంగా ఇవే.

లోపల ఆపేస్తే విసుక్కోకండి. బయట వీధి ఖాళీ అవడానికే ఆపుతారు. ఈలోపు టాయిలెట్‌కి వెళ్లి, స్కార్ఫ్ లోపల దోపుకుని, జిప్ మెడదాకా లాగండి. గేటు దాటాక గుంపు మధ్యలో నడవాలి. మ్యాప్ చూపించే దగ్గరి దారి సందులోంచి అయితే ఆ దారి వద్దు. పోలీసులు నడిపించే దారి చుట్టైనా అదే పట్టండి. పాట ఆపేయాలి, తెలుగులో గట్టిగా కబుర్లు కూడా. పక్కన నడిచేవాడు టైమెంతయిందనో స్కోరెంతనో అడిగితే అది యాస పట్టుకునే పాత ఎత్తు. మన యాసనిబట్టి ఏ జట్టో పోల్చుకోవడం వాడి తాత తరం కాదు గానీ, ఆగకుండా తల ఊపి ముందుకెళ్లడమే మంచిది. గుంపులోంచి విడిపోవాల్సింది స్టేషన్ దగ్గరో, కోచ్ మెట్టు మీదో.

ఫోన్‌లో గెలుపు

శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లు బ్రిటన్‌లో టీవీలో రావు. గుంటూరులో ఉన్న తమ్ముడు రాత్రి 7:30కో, చలికాలమైతే 8:30కో ఫోన్‌లో చూసేస్తాడు, లీడ్స్‌లో మీ రూమ్‌మేట్‌కి ఆ భాగ్యం లేదు. అందుకే వాట్సాప్ గ్రూపులో మొదటి వీడియో మీదే కావాలన్న ఆరాటం పుడుతుంది. కోచ్ ఎక్కేదాకా ఆగండి. తోపులాట, పట్టుకెళ్లినవాళ్లు, పిల్లల మొహాలు ఉన్నవి పెట్టొద్దు. 2022 నుంచి ఫుట్‌బాల్‌కి సంబంధించిన ఆన్‌లైన్ ద్వేష నేరాలకి కూడా ఫుట్‌బాల్ నిషేధం వేయొచ్చు. ఓడిన ఆటగాడి ఖాతా కింద మీ మాట పెట్టే ముందు అది చూసుకోండి.

రెండు మూడు రోజులు పోయాక క్లబ్ ఖాతా తెరిచి ఈ మ్యాచ్ పాయింట్ చేరిందో లేదో చూడండి. గేటు దగ్గర స్కాన్ సరిగ్గా పడకపోతే చేరదు. అప్పుడు టికెట్టు ఆఫీసుకి ఆర్డర్ నంబరు, బ్లాక్, సీటు రాసి పంపాలి. అందుకే సీజన్ అయ్యేదాకా టికెట్టు గానీ దాని స్క్రీన్‌షాట్ గానీ తీసేయొద్దు.