గాలి బాగానే ఉన్నా నడవని స్ట్రాండ్‌బీస్ట్ మోడల్: సమస్య - పరిష్కారం

స్ట్రాండ్‌బీస్ట్ అంటే గాలి తోస్తే కాళ్లతో నడిచే పైపుల జీవి. దాని మోడల్‌ని ఫ్యాన్ ముందు పెడితే ఊగుతుంది గానీ అడుగు పడదు, అందరిదీ ఇదే కంప్లైంట్. వెంటనే తెరచాప పెద్దది చేస్తారు, ఫ్యాన్ స్పీడ్ పెంచుతారు. దయచేసి ముందు ఫ్యాన్ ఆపండి. మోడల్‌ని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, కాళ్లు గాల్లో ఉండగా క్రాంక్‌ని (కాళ్లన్నిటినీ ఆడించే వంపు ఇరుసుని) వేళ్లతో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ఈ ఒక్క పనీ ఎవరూ చెయ్యరు!

చుట్టంతా బిగుతుగా ఉందా? బోల్టులు ఎక్కువ బిగించారు, వదులు చేసి లాక్ నట్ వెయ్యండి.

ఒకే చోట పట్టేస్తోందా? పక్క పైపుకి బోల్టు తల తగులుతోంది, మధ్యలో వాషర్ వెయ్యండి.

గాల్లో హాయిగా తిరిగి, నేల మీద పెట్టగానే ఆగిపోతోందా? ఇదే అసలు దొంగ. కాళ్ల కొలతలు తేడా. డచ్ కళాకారుడు థియో యాన్సెన్ 1990లో నెదర్లాండ్స్ బీచ్‌లో ఈ జీవుల పని మొదలుపెట్టాక, కంప్యూటర్‌లో రకరకాల కాళ్లు పుట్టించి, బాగా నడిచేవాటినే ఉంచి, వాటి నుంచి మళ్లీ కొత్తవి పుట్టిస్తూ పోతే తేలిన నంబర్లివి (ముక్కల పొడవుల నిష్పత్తులు), క్రాంక్ 15, మిగతావి 38, 41.5, 39.3 అలా. పాదం నేల మీద ఉన్నంతసేపూ ఒంటిని పైకీ కిందకీ ఊపకుండా తిన్నగా జరగడమే వీటి గొప్పతనం. ఒక్క కాలు 3 మిల్లీమీటర్లు పొడుగైనా ప్రతి చుట్టులో మోడల్ మొత్తాన్ని అదే ఎత్తాలి, అంత బరువు ఎత్తే బలం గాలికి ఉండదు.

ఆ నంబర్లు హోల్ మధ్య నుంచి హోల్ మధ్యకి. చాలామంది పైపునే ఆ పొడవుకి కోసేసి, చివర్లో కొంచెం వదిలి హోల్ వేస్తున్నారు, ఆ కొంచెం ఒక్కో పైపుకి ఒక్కోలా వస్తోంది. చెక్క మీద రెండు మేకులు సరైన దూరంలో కొట్టి, దాన్నిబట్టే ఒక రకం ముక్కలన్నిటికీ హోల్స్ వెయ్యండి. 49, 50 ముక్కలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 49 పాదం ట్రయాంగిల్‌లోది, 50 క్రాంక్ నుంచి పై ట్రయాంగిల్‌కి వెళ్లేది, వేరే రంగు పూయకపోతే కచ్చితంగా మారిపోతాయి. తప్పు కాలు దొరకాలంటే, మోడల్‌ని నేల మీద పెట్టి మెల్లగా నెడుతూ, కిందకి దిగాల్సిన ప్రతి పాదం కిందా కాగితం ముక్క పెట్టి లాగి చూడండి. ఊరికే వచ్చేస్తే ఆ కాలు పొట్టిది, లేదా పక్కది పొడుగు.

టైల్స్ మీద జారుతుంటే పాదాలకి సైకిల్ ట్యూబ్ ముక్కలు అంటించండి. షాఫ్ట్ వంగడం లాంటివి అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్లండి.