పిల్లలతో బ్లూ మౌంటెన్స్‌లో మొదటి క్యాంపింగ్

సిడ్నీలో ఉంటూ మొదటిసారి పిల్లలతో టెంటు వేద్దామనుకుంటే కొండల పైనున్న కటూంబా ఊరి దాకా పోకండి, కొండ మొదట్లోనే గ్లెన్‌బ్రూక్ దగ్గర యురోకా అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. చోటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. రాత్రి పార్కు గేటుకి తాళం వేస్తారు కాబట్టి పొద్దుండగానే చేరిపోండి. పెద్ద వాన పడితే దారిలో వాగు మీది కాజ్‌వే (వాగు దాటే తక్కువ ఎత్తు వంతెన) కూడా మూసేస్తారు.

తాగే నీళ్లు అక్కడ దొరకవు, మనిషికి రోజుకి 5 లీటర్లయినా డబ్బాల్లో పట్టుకెళ్లండి. మొదటి రాత్రికి వంట పెట్టుకోకుండా పులిహోర, చపాతీలు తీసుకెళ్తే హాయి. తినడం అవ్వగానే అన్నీ కార్లో పెట్టి డోర్ వేసేయండి, మేం పెరుగన్నం గిన్నె బల్ల మీద వదిలేస్తే అర్ధరాత్రి పాసమ్ (రాత్రిపూట తిరిగే, పిల్లి అంత ఉండే చెట్టు జంతువు) ఒకటి మూత తోసేసి, టార్చి వేసినా బెదరకుండా రెండు చేతులతో తింటూ కూర్చుంది! అడవిలో కట్టెలు ఏరకూడదు. టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో బయట మంటలు నిషేధించడం) ఉన్న రోజు కట్టెల మంట ఊసే ఎత్తొద్దు.

మర్నాడు పొద్దున్నే రెడ్ హ్యాండ్స్ కేవ్‌కి నడవండి. ఆదివాసులు రాతి మీద వేసిన చేతి ముద్రలు చూస్తే పిల్లలు నడక అలసట మర్చిపోతారు. తడి రోజుల్లో జలగలుంటాయి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి బయల్దేరండి. ఎమర్జెన్సీ నంబరు 000.