ఇంట్లో గాలికి సరైన ఫిల్టర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఎయిర్ ప్యూరిఫయర్‌లో అసలు పని చేసేది ఫిల్టరే. అందుకే డిస్‌ప్లే, యాప్ లాంటివి పక్కనపెట్టి, ఫిల్టర్‌ను దేనితో చేశారో ముందు చూడండి.

మొదట మీ గదిలో ఇబ్బంది ఏమిటో తేల్చుకోండి. దుమ్ము, పుప్పొడి, బూజు లాంటివి రేణువుల కిందికి వస్తాయి. కొత్త పెయింట్ వాసన, ప్లైవుడ్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ లాంటివి వాయువుల కిందికి వస్తాయి. పొగలో రెండూ ఉంటాయి.

రేణువులకు హెపా ఫిల్టర్ (సన్నటి పీచులతో దట్టంగా చేసినది) కావాలి. అమెరికా ప్రమాణం ప్రకారం అది 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో కనీసం 99.97 శాతాన్ని ఆపాలి. అంతకంటే పెద్దవి పీచులకు తగిలి ఆగిపోతాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూఇటూ కదులుతూ పీచులకు అంటుకుంటాయి. ఆ మధ్య సైజువే ఎక్కువగా తప్పించుకుంటాయి, అందుకే పరీక్ష అక్కడ పెట్టారు. పెట్టె మీద ‘హెపా టైప్’ అని మాత్రమే రాసి ఉంటే ఎంత శాతం ఆపుతుందో అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి.

వాయువులకు, వాసనలకు యాక్టివేటెడ్ కార్బన్ (సన్నటి రంధ్రాలతో నిండిన బొగ్గు) ఉండాలి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. నల్లపొడి అద్దిన పల్చటి గుడ్డలా కనిపిస్తే అది త్వరగా నిండిపోతుంది. గళ్లలో గుళికలు దట్టంగా ఉన్నది మేలు. గ్రాము కార్బన్ లోపలి రంధ్రాల ఉపరితలం సుమారు 1,000 చదరపు మీటర్లు ఉండొచ్చు. అయినా కార్బన్ తూకం ఎంతో తప్పకుండా అడగాలి. ఫార్మాల్డిహైడ్‌ను మామూలు కార్బన్ అంతగా పట్టుకోలేదు. దానికి పొటాషియం పర్మాంగనేట్ కలిపిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు గానీ, అమైన్ అనే రసాయనం పట్టించిన కార్బన్ గానీ వాడతారు.

ఓజోన్ విడుదల చేసే పరికరాలు వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

బిగించే ముందు ఫిల్టర్‌పై ప్లాస్టిక్ కవర్ ఉంటే తీసేయండి. గాలి దిశ చూపే బాణం గుర్తును సరిచూసుకోండి. అంచుల దగ్గర సందు ఉంటే గాలి శుభ్రం కాకుండానే పక్కనుంచి వెళ్లిపోతుంది.

ముందుండే జాలీని మాన్యువల్‌లో చెప్పినట్టు దులిపి లేదా కడిగి ఆరబెట్టండి. హెపాను మాత్రం, కడగవచ్చని తయారీదారు చెబితే తప్ప, కడగొద్దు. చాలా ఫిల్టర్లలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచుకు విద్యుదావేశం ఇస్తారు. కడిగితే అది తగ్గిపోయి పట్టు సడలుతుంది.

మెషీన్ నుంచే వాసన వస్తుంటే కార్బన్ నిండినట్టే, మార్చేయండి. వేడి పెరిగినప్పుడు, అది పట్టుకున్న వాయువుల్లో కొన్నిటిని తిరిగి గదిలోకి వదులుతుంది. పాత ఫిల్టర్‌ను మాస్క్ పెట్టుకుని, దులపకుండా సంచిలో మూటకట్టి పారేయండి.

కార్బన్ మోనాక్సైడ్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను ఈ ఫిల్టర్లేవీ తీసేయలేవు. స్టవ్ వెలిగించినప్పుడు కిటికీ తెరవాల్సిందే.