జమామి దీవి దగ్గర ఫ్రీడైవింగ్ ఎలా చేయాలి? ముందు చెవులు, తరువాతే తాబేళ్లు

జపాన్‌లోని ఒకినావా ప్రాంతానికి చెందిన జమామి, 2014లో జాతీయ పార్కుగా ప్రకటించిన కెరామా దీవుల్లో ఒకటి. నాహా నగరంలోని తొమారి రేవు నుంచి వేగంగా వెళ్లే పడవలో గంట అటూఇటూగా అక్కడికి చేరుకోవచ్చు. నీరు ఎంతో తేటగా ఉంటుంది. అడుగు అసలు లోతు కన్నా దగ్గరగా కనబడుతుంది కనుక, ఫ్రీడైవింగ్‌కు, అంటే గాలి సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో మునగడానికి వచ్చిన కొత్తవారు ఒక్క ఊపున దిగిపోవాలని చూస్తారు.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లోపల గాలి తక్కువ పట్టే చిన్న మాస్క్, మామూలు స్నార్కెల్ (నోటితో ఊపిరి పీల్చే గొట్టం), పొడవాటి ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు), రబ్బరు బెల్టుకు బరువులు ఉంటే చాలు. పది మీటర్ల లోతు చేరేదాకా నీరు మిమ్మల్ని పైకే తోసేటంత తక్కువ బరువు కట్టుకోవాలి. ముఖమంతా కప్పే మాస్కును ఒడ్డునే వదిలేయండి. దానితో ముక్కు పట్టుకోవడం కుదరదు. నల్ల రంగు మాస్కే కొనాలి. పారదర్శకమైనదైతే పక్కల నుంచి వెలుతురు చొరబడి చూపును చెదరగొడుతుంది.

నీటిపై బోర్లా తేలుతూ రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి పీల్చి, చివరగా ఒక్కసారి నిండుగా తీసుకుని, స్నార్కెల్‌ను నోటి నుంచి తీసి, నడుము వంచి తలకిందులుగా దిగాలి. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలే అలవాటు ప్రాణాంతకం. దానివల్ల ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి కోసం తహతహ పుట్టించేది అదే కనుక, ఆ హెచ్చరిక రాకముందే స్పృహ తప్పవచ్చు.

అసలు చిక్కు చెవుల దగ్గర వస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైభాగంతో పోలిస్తే రెట్టింపు అవుతుంది, చెవి లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఈ మార్పు మొదటి కొన్ని మీటర్లలోనే అన్నిటికన్నా చురుగ్గా జరుగుతుంది కాబట్టి, నీటిపై ఉండగానే ఒకసారి, ఆ తరువాత మీటరుకొకసారి చెవుల్లోకి గాలి పంపాలి. నొప్పి మొదలయ్యాక పంపుదామనుకుంటే ఆలస్యమైనట్టే. గొంతు వెనుక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం అప్పటికే ఒత్తిడికి మూసుకుపోయి ఉంటుంది.

చాలామంది ముక్కు పట్టుకుని, ఛాతీ బిగించి, విమానంలో చెవులు దిబ్బడ వేసినప్పుడు చేసినట్టు బలంగా ఊదుతారు. తలకిందులుగా ఉన్నప్పుడు ఈ పద్ధతి త్వరలోనే మొరాయిస్తుంది, పైగా కర్ణభేరికి ప్రమాదం. నేను నాలుక పద్ధతినే నేర్పుతాను, మరొకటి నేర్పను. ముక్కు మూసి, బరువు ఎత్తేటప్పుడు బిగబట్టినట్టు గొంతు మూసి, 'క్' అనబోయినట్టు నాలుక వెనుక భాగాన్ని అంగిలి వైపు ఎత్తితే, నోట్లోని కాస్త గాలి ముక్కు వెనుకకు, అక్కడి నుంచి చెవుల్లోకి వెళుతుంది. అద్దం ముందు నిలబడి, ఒక చేయి పొట్టపై ఉంచి సాధన చేయండి. ముక్కుపుటాలు వేళ్ల పైన చిన్నగా ఉబ్బాలి, చెవిలో 'టిక్' మనాలి, పొట్ట మాత్రం కదలకూడదు. ఇది ఇంట్లో కుదరనివారికి సముద్రంలో అసలే కుదరదు.

ఇంత నేర్చుకున్నవారు కూడా అడుగున ఏముందో చూడాలన్న ఆత్రంతో తల పైకెత్తుతారు. మెడ సాగగానే గాలి దారి బిగుసుకుంటుంది. గడ్డం ఛాతీ వైపు దించి, ఎదురుగా ఉన్న తాడునో రాతిగోడనో చూస్తూ దిగాలి. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి; అప్పటికీ కాకపోతే ఆ మునక అంతటితో ముగిసినట్టే. జలుబు ఉన్న రోజు నీళ్లలోకి దిగవద్దు. మాస్క్ ముఖాన్ని పీల్చుతుంటే ముక్కుతో కొద్దిగా గాలి వదలాలి.

ఇక జీవుల సంగతి. జమామిలోని అమా తీరంలో సముద్రపు గడ్డి మేయడానికి పచ్చ తాబేళ్లు వస్తాయి. పోటు సమయంలో వెళితే ఒడ్డుకు దగ్గరలోనే కనబడతాయి. తాబేలుకు పైనగానీ ఎదురుగాగానీ ఈదకండి, అది ఊపిరి కోసం పైకి రావలసిన దారిని అడ్డుకున్నవారవుతారు. పక్కగా, దూరంగా కదలకుండా ఉంటే, గడ్డి కొరికిన ప్రతిసారీ దాని నోటి చుట్టూ ఇసుక చిన్న మబ్బులా లేవడం కనబడుతుంది. పగడాల మధ్య శంకు ఆకారపు అందమైన గుల్లలను ముట్టుకోవద్దు. వాటిలో కొన్ని నత్తలు మనుషులను చంపగల విషంతో కుడతాయి. జనవరి నుంచి మార్చి దాకా మూపురపు తిమింగిలాలు ఈ జలాలకు వస్తాయి, తల నీళ్లలో పెడితే వాటి పాట వినిపించవచ్చు. వినండి, వెంటపడకండి.

తిరిగి పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గేకొద్దీ ఆక్సిజన్ రక్తంలోకి చేరడం మందగిస్తుంది కాబట్టి, చివరి కొన్ని మీటర్లలోనూ, పైకి వచ్చిన మొదటి అర నిమిషంలోనూ స్పృహ తప్పే ప్రమాదం ఎక్కువ. అందుకే ఒంటరిగా మునగకూడదు. తోడు వచ్చినవారు ఆ అర నిమిషం మీ ముఖం నుంచి చూపు తిప్పకూడదు, వారు మునిగినప్పుడు మీరూ కెమెరాలోకి చూస్తూ ఉండకూడదు. నీటి కింద ఎంతసేపు ఉన్నారో, కనీసం దానికి రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకున్నాకే మళ్లీ మునగాలి.